చక్రవర్తికి సమాధి కావాలి

పెద్ద వరద వెళ్ళిన మూడో ఏడు, చిలగడదుంపలు తవ్వే రోజుల్లో, యమాతో సీమలోని మా ఊరికి రాజధాని నుంచి మిబు దొర వచ్చాడు.

ఆయన పని ఒకటే. తొలినాటి చక్రవర్తుల్లో ఒకాయనకు సమాధి దొరకలేదు. అసలా చక్రవర్తి పుట్టాడో లేదో కూడా ఎవరికీ తెలియదు. పేరుంది కాబట్టి సమాధి ఉండి తీరాలని పైవాళ్ళ హుకుం.

దొర కన్ను మా ఊరి రైతు యాసోకిచి దిబ్బ మీద పడింది. ఆ దిబ్బ మీదే యాసోకిచి దుంపతోట. సమాధి అని తేలితే చుట్టూ కంచె పడుతుంది. ఆ తర్వాత గడ్డిపరక కూడా పీకకూడదు.

"ఏదో ఒక అబద్ధం చెప్పి పంపెయ్యవయ్యా! తోట పోతే పిల్లలకేం పెట్టను?" అంది పెళ్ళాం ఒతామి.

"నాకు అబద్ధం రాదే."

"పెళ్ళిచూపుల్లో బాగానే వచ్చిందిగా!"

అంతలో దొర వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. "ఏమోయ్, ఈ దిబ్బలో ఎవరున్నారు?"

"తెలీదు దొరా. వెదురుతోపు వెనక చిన్న దిబ్బలో ఎవరున్నారో మాత్రం తెలుసు."

దొర చెవులు నిక్కించాడు. "చెప్పు, చెప్పు."

"మా తాత చెప్పేవాడు. బతికున్నన్నాళ్ళూ ఈ లోయలో ఒక్కరూ పస్తు పడుకోలేదంట. పోయిననాడు ఊళ్ళో పొయ్యి రాజెయ్యలేదంట."

"కోపిష్టా?"

"ఎవర్నీ పల్లెత్తు మాట అన్లేదు దొరా."

"సంతానం?"

"ఏడూళ్ళ నిండా."

"ఆహా! చక్రవర్తి లక్షణమే!" దొర తొడ చరిచాడు.

ఒతామి తలగుడ్డ తీసి నోట్లో కుక్కుకుంది. ఆమె భక్తికి దొర ముచ్చటపడ్డాడు.

సాయంత్రానికల్లా చిన్న దిబ్బ చుట్టూ కంచె లేచింది. ఊరంతా వరసగా నిలబడి తల వంచింది. ఎంతసేపటికీ ఒక్కరూ తలెత్తలేదు. కొందరి భుజాలు అదురుతున్నాయి. దొర కళ్ళు తుడుచుకుని గుర్రమెక్కాడు.

మర్నాడు పొద్దున్నే యాసోకిచి పచ్చి చిక్కుడాకు ఒక మోపు కట్టి తీసుకెళ్ళి, చక్రవర్తి కంచె మీంచి లోపలికి వేశాడు, తాతగారి నల్ల గిత్తకు చిక్కుడాకంటే ప్రాణమట మరి.