గౌరమ్మకే ఓటు

“ఎంతమందితో ఏపిచ్చుకున్నావు మే ఓట్లు?”

గడప దాటకముందే అడిగింది ప్రసూన. ఆమె వెనకే వచ్చిన సుధారాణి చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడింది.

కుట్టుమిషన్ ముందు కూర్చున్న బీబీజాన్ లేచింది. హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న ఇత్తడి అవార్డు బొమ్మ మిషన్ బల్ల మీద, కత్తిరించిన జాకెట్టు ముక్కల మధ్య ఉంది. పొద్దుటి నుంచీ ప్రొద్దుటూరులోని ఆ వీధి వీధంతా వచ్చి దాన్ని చూసిపోతోంది.

“నేనెవర్నీ అడగలేదక్కా. అల్లా మీద ఒట్టు.”

“అడక్కుండానే పడినాయా అన్ని ఓట్లు?” అంది సుధారాణి.

ఆ ఏడాది టీవీ చానెల్ వాళ్ళు ఉత్తమ సహాయ నటి అవార్డుకు ఎంపిక చేసిన ఐదుగురిలో నలుగురు ఒకే సినిమా వాళ్ళు. పెన్నా ఒడ్డున తీసిన సినిమా అది. వేషాలు కూడా అక్కడి వాళ్ళకే ఇచ్చారు. జమ్మలమడుగు కాలేజీలో పాఠాలు చెప్పే ప్రసూన, పులివెందులలో బట్టల కొట్టున్న సుధారాణి, జాకెట్లు కుట్టే బీబీజాన్. నాలుగో ఆమె గౌరమ్మ. వయసులో ఉన్నప్పుడు నాటకాల్లో రాణి వేషాలు కట్టిన మనిషి.

గెలిచేదెవరో జనం ఫోన్లలో ఓట్లేసి తేల్చాలి. సరిగ్గా అప్పుడే గౌరమ్మ గుండె ఇక ఎక్కువ కాలం లాగదని ఆస్పత్రిలో చెప్పారు. ఆ సంగతి ఆమె దగ్గర దాచి, మిగతా ముగ్గురూ ఒక మాట అనుకున్నారు. ఎవరూ తమ కోసం అడక్కూడదు. ఎవరి ఊరి ఓట్లు వాళ్ళు గౌరమ్మకే వేయించాలి.

తీరా చూస్తే బీబీజాన్ గెలిచింది. గౌరమ్మ అందరికన్నా కింద ఉంది.

“ఆయమ్మ ఒక్కసారి ఆ బొమ్మ పట్టుకోని పోతాదని ఆశపడితిమి. నీ ఊరోళ్ళతో గుట్టుగా గుద్దిచ్చుకుంటివి. రేపు ఆయమ్మ మొగం ఎట్ల చూస్తావు?” ప్రసూన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “నిన్ను సొంత చెల్లెలనుకుంటి గదే!”

బీబీజాన్ బొమ్మను చున్నీలో చుట్టి చంకన పెట్టుకుంది.

“పాండి పోదాం. గౌరమ్మవ్వకే ఇచ్చేస్తా.”

సుధారాణి కారులో ముగ్గురూ గౌరమ్మ ఉండే జమ్మలమడుగుకు బయల్దేరారు. ఊరు దాటేదాకా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇంతలో కారు స్పీకరుకు కలిపిన సుధారాణి ఫోన్ మోగింది. డ్రైవర్ మీట నొక్కగానే సుధారాణి భర్త గొంతు కారంతా వినబడింది.

“ఏంది సుధా, అట్లెట్ల ఓడిపాయ? మన కొట్టుకొచ్చినోళ్ళందరితో నీకే ఏపిస్తి గదా!”

సుధారాణి ముందుకు వంగి కాల్ కట్ చేసింది. ప్రసూన ఆమెనే చూస్తూ ఉండిపోయింది.

“ఆయన అడిగింటాడు. నేను చెప్పలా,” అంది సుధారాణి, ఎవరూ అడక్కుండానే.

“నేనూ అదే చెప్తే మీరు నమ్మలేదు గదక్కా,” అంది బీబీజాన్, కిటికీలోంచి చూపు తిప్పకుండా.

వాళ్ళు వెళ్ళేసరికి గౌరమ్మ మంచం మీద కూర్చుని గ్లాసులో టీ ఊదుకుంటూ తాగుతోంది. బీబీజాన్ ఆమె కాళ్ళ దగ్గర కూలబడి, చున్నీ విప్పి బొమ్మను ఆమె ఒళ్ళో పెట్టింది.

“ఇది నీదే అవ్వా. నేను మోసం జెయ్యలా. నువ్వన్నా నమ్ము.”

“మోసం జరగలేదని ఎవరన్నార్మే?”

పాత నాటకాల గొంతు గదంతా ఖంగుమంది. బీబీజాన్ ఏడుపు ఆపుకోలేకపోయింది.

“నువ్వు గూడా నన్నే అంటాండావా అవ్వా?”

“ముగ్గుర్నీ అంటాండా. నా గుండె సంగతి డాక్టరు మీకు చెప్పి నాకు చెప్పడా?” గౌరమ్మ గ్లాసు పక్కన పెట్టింది. “మొన్న బస్టాండులో ఎవరో ఒకామె వచ్చి నా చెయ్యి పట్టుకుండె. నా వేషం బాగుందని అంటాదేమో అనుకుంటి. ‘పోతాండావంట గదా అవ్వా, పాపం, నా ఓటు నీకే’ అనె. నేను బతికుండంగనే సావు కబురు చెప్పి ఓట్లడిగినారా మీరు?”

ప్రసూన తల వంచుకుంది. కాలేజీ పిల్లలకు ఆ మాట చెప్పింది తనే.

“నీకు రావాలనే గదవ్వా…”

“వస్తే నా వేషానికి రావాల. నా రోగానికి ఎవరిమ్మన్నారు? ఇంతకాలం మొగానికి రంగేసుకునింది ఇందుకేనా?” ఆమె గొంతు మొదటిసారి వణికింది. “పరాయోళ్ళు జాలిపడితే పడనీ అనుకుందును. మీరు నా పక్కన నిలబడి వేషం కట్టినోళ్ళు గదే!”

గౌరమ్మ బొమ్మను ఒళ్ళోంచి తీసి, బీబీజాన్ చేతుల్లో పెట్టి, ఆ చేతులను తన చేతులతో గట్టిగా మూసింది. తర్వాత మిగతా ఇద్దరి వైపు తిరిగింది.

“దీన్నేమీ అనాకండి. ఆ సినిమాలో నాకన్నా బాగా జేసింది ఇదొక్కతే. అందుకే బస్సులెక్కి మీ మూడూర్లూ తిరిగి, కనబడినోళ్ళకల్లా దండం పెట్టి దీనికి ఓట్లేపిచ్చింది నేనే.”