బొంబాయిలో ఒక రాత్రి

"ఎయిర్‌పోర్టు పక్క హోటలా, సిటీల హోటలా? జల్ది చెప్పు బావా, కుమార్ అడుగుతుండు!"

ఇమో కాల్‌లో బావమరిది సంపత్ గొంతు ఖంగుమంది. పర్శరాములు దిక్కులు చూశాడు. ఎదురుగా వేములవాడ బస్సు, పక్కన మిర్చి బజ్జీల బండి, తను కూర్చున్న బెంచీ మీదే గురక పెడుతున్న ఓ ముసలాయన. దుబాయ్‌లో విమానం ఎక్కబోతున్నానని చెప్పుకున్న మనిషి, కరీంనగర్ బస్టాండులో కూర్చుని ఏ హోటలని చెప్పాలి?

"హోటలెందుకురా? రాత్రి బొంబాయిల దిగుడు, తెల్లారి హైదరాబాద్ విమానమెక్కుడు. ఆడనే ఏ కుర్చీలనో ఒరుగుత."

"మస్తు చెప్పినవ్! నా పెండ్లికి దుబాయ్ బావ వస్తుండని మా హుస్నాబాద్ అంత చెప్పుకున్న. నువ్వు కుర్చీల పండుకుంటే నా ఇజ్జత్ ఏం గావాలె? కుమార్ నా దోస్తు, బొంబాయిలనే ఉంటడు. గేటు కాడికే వచ్చి నిన్ను తోల్కపోతడు."

పర్శరాములు బెంచీ మీంచి దిగ్గున లేచాడు.

అసలు అతను దుబాయ్ మొహమే చూడలేదు. రెండేళ్ల కిందట సిరిసిల్లలో వాడకట్టంతా దండలు వేసి సాగనంపితే బయల్దేరాడు. ఏజెంటు బొంబాయిలో ఒక సందు చివర నిలబెట్టి, ఇప్పుడే వస్తానని పోయి మళ్లీ రాలేదు. ఆ దండలు వాడిపోకముందే ఏ మొహం పెట్టుకుని ఇంటికి వెళతాడు? బొంబాయి పక్కనే ఉన్న భీవండిలో చేతికి తెలిసిన పనే దొరికింది, సాంచాలు నడిపే పని. రాత్రీ పగలూ ఆ మరమగ్గాల మోత, ముక్కు నిండా దూది, దాంతో దగ్గు. ఇంటికి ఫోన్ చేయాలంటే మాత్రం షెడ్డు వదిలి సందు చివరికి పరుగెత్తి, దుబాయ్ ఎండల గురించి చెప్పేవాడు. సాంచాల మోత అక్కడికీ సన్నగా వినబడుతూనే ఉండేది.

పెళ్లికి రేపు సాయంత్రం వస్తానన్నాడు. తీరా చూస్తే పెళ్లిళ్ల రోజులు, రేపటికి చేరే బస్సులో సీటు లేదు. ఒకరోజు ముందు బస్సే ఎక్కాడు. అది సిరిసిల్ల మీదుగానే వచ్చింది. తన వాడ కనబడుతుంటే తువ్వాల మొహం మీద కప్పుకుని కరీంనగర్ దాకా వచ్చి దిగాడు. మరేం చేస్తాడు? ఇంకా ఎగరని విమానంలోంచి మనిషి ముందే ఎట్లా దిగుతాడు? రేపటి దాకా ఇక్కడే తలదాచుకోవాలి. ఈలోపు ఆ కుమార్ గేటు దగ్గర నిలబడి, మీ బావ ఈ విమానంలో రానేలేదని ఫోన్ చేశాడో, పెళ్లింట్లో నలుగురి ముందు పరువు గంగలో కలిసినట్టే.

"సిటీల హోటలే తీస్కుంటరా" అన్నాడు గబగబా. "నేనే ఆటోల పోత. కుమార్‌కు తిప్పలెందుకు?"

"ఇంకా మంచిది! కుమార్ ఉండేది సిటీలనే. హోటల్‌కే వస్తడు, ఇద్దరు కలిసి తినుండ్రి."

"అట్లనా... అయితే ఎయిర్‌పోర్టు పక్కదే కానియ్యి!"

"ఏదో ఒకటి చెప్పు బావా! పరేషాన్ చేస్తున్నవ్."

ఇంతలో భార్య నర్మద గొంతు వినిపించింది. సంపత్ ఉన్నది అక్క ఇంట్లోనే. ఫోన్ స్పీకర్‌లో పెట్టాడన్నమాట.

"ఎయిర్‌పోర్టు కాడ వద్దురా. విమానాల మోతకు నిద్ర పట్టది. అసలే మీ బావకు చెవులు మంచిగ లెవ్వు."

"సరే అక్కా, సిటీలనే తీసుకుంటం."

"సిటీల గూడ వద్దు. తెల్లారి ట్రాఫిక్‌ల ఇరుక్కుంటే విమానం పోతది."

"మరి ఎక్కడ పండుకోవాలె, రోడ్డు మీదనా?"

"జర ఆగు. ఆలోచించనియ్యి."

పర్శరాములుకు ఒళ్లు మండింది. తాను ఇక్కడ నిప్పుల మీద నిలబడి ఉంటే, మధ్యలో ఈమె ఒకతి! నర్మద తీరే అంత. రెండేళ్లుగా ఎప్పుడు ఫోన్ చేసినా రెండే ప్రశ్నలు. చెవులు మంచిగ వినవడుతున్నయా? దగ్గుకు బెల్లం తింటున్నవా? ఎడారి దుమ్ముకు బెల్లమేమిటని అతను నవ్వుకునేవాడు. వాడలో మిగతా ఆడవాళ్లు దుబాయ్ కంబళ్లు, సెంటు సీసాలు తెప్పించుకున్నారు. ఈమె ఒక్కటీ అడగలేదు. వీడియోలో కనబడమనైనా అనలేదు. పన్నెండేళ్లు ఇంట్లో కూర్చుని సాంచాలకు నూలు కండెలు చుట్టిన మనిషికి లోకం ఏం తెలుస్తుందిలే అనుకునేవాడు. అంత అమాయకురాలిని మోసం చేస్తున్నానన్న బాధతో, ఫోన్ పెట్టేశాక ముద్ద దిగేది కాదు.

"ప్రయాణికులకు గమనిక! జగిత్యాల వెళ్లు బస్సు..." నెత్తి మీద మైకు ఒక్కసారిగా అరిచింది. ఫోన్ మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు గానీ ఆలస్యమైపోయింది.

"బావా, గదేంది? జగిత్యాల బస్సా?"

"పక్కన... పక్కన జగిత్యాలాయన ఉన్నడు. ఫోన్‌ల ఏదో వీడియో చూస్తుండు."

"బస్టాండ్ వీడియోనా?"

ముసలాయన గురక ఆపి ఇటు తిరిగి చూశాడు.

"ఊరు యాదికొచ్చి చూస్తుండొచ్చు, నీకెందుకురా?" నర్మద కసిరింది. "బయట కారాయన ఒకటే హారన్ కొడుతుండు. కార్డులు పంచవా ఏంది? నడువు!"

"మరి కుమార్‌కు ఏం చెప్పాలె?"

"ఏం అవసరం లేదని చెప్పు. అలిసి వస్తడు మనిషి, కొత్తోళ్లతోని ముచ్చట్లు పెట్టే ఓపిక ఉంటదా? హోటల్ సంగతి నేను చూసుకుంట."

సంపత్ ఏదో సణుక్కుంటూ వెళ్లిపోయాడు. తలుపు మూసిన చప్పుడైంది. స్పీకర్ తీసేసినట్టుంది, నర్మద ఊపిరి దగ్గరగా వినిపించింది.

"పోయిండా?" అన్నాడు మెల్లగా.

"పోయిండు."

బతికిపోయాననుకున్నాడు పర్శరాములు. నుదుటి చెమట తుడుచుకుని, ఆడుతున్న ఆట పూర్తి చేయాలి కాబట్టి అడిగాడు. "మరి ఏ హోటల్ల దిగమంటవ్?"

నర్మద ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది.

"ఏ హోటల్ వద్దు. బెల్లం చాయ్ పెట్టి ఉంచుత."

"అట్లెట్లయితది? విమానం..."

"భీవండి బస్సు పొద్దుగాల్నే వచ్చింది గద, ఇంటికి రా."