తోలుపట్టీ

జెద్దాలో వరద మళ్లీ కార్లను ఈడ్చుకుపోయిన ఏడు. అక్కడి పాతబస్తీ బలద్‌లో షేక్ నడిపే పాత టోపీల కొట్లో, ఓదెలు కొత్తగా చేరిన లింగన్నకు ఇటలీ ఫెల్ట్ టోపీల వయసు కట్టడం నేర్పుతున్నాడు.

"లోపలి తోలుపట్టీ తిప్పి చూడు. చెమటకు నల్లబడి పగిలిందంటే ఇరవై ఏండ్ల పైమాటే."

లింగన్న గోడ మేకుకు వేలాడుతున్న టోపీ తీసి తిప్పాడు. "గిదైతే మస్తు పాతదన్నా! అన్నీ ఉప్పు చారలే. షేక్ చూస్తే ఎగిరి గంతేస్తడు."

"అది సరుకు గాదురా, నాది. నేనొచ్చిన్నాడు షేకే ఇచ్చిండు, కొత్తది."

లింగన్న నవ్వు ఆగిపోయింది. "గప్పటిసంది ఇంటికి పోలేదా?"

"ఛుట్టీ అడిగితే, ఈ టోపీల పెట్టె అమ్ముడువోనీ అంటడు. అంతలనే ఇంకో పెట్టె దిగుతది."

ఓదెలు టోపీ అందుకుని పట్టీని వేలితో తడిమాడు. ఎన్ని టోపీల వయసు చెప్పాడో గాని, దీన్ని ఏనాడూ తిప్పి చూడలేదు.

మర్నాడు పొద్దున కొత్త పెట్టె దిగింది. ఓదెలు దాన్ని విప్పలేదు. తన టోపీ చేత పట్టుకుని, ఛుట్టీ అడగడానికి షేక్ గదికి నడిచాడు.