ఊళ్ళోకెల్లా బలిసిన మేక

“ముందు దీని కాళ్ళు కడగండయ్యా! దేవతకిచ్చే మేకకు ఈ బురదేమిటి?”

యూఫ్రోన్ కసురుకున్నాడు. ఇద్దరు సైనికులు నవ్వుకుంటూ మేక గిట్టలకు అంటిన నల్లటి బురదను కడిగారు. వాళ్ళ వెనుక కలాడ పట్టణపు సేన ఎండలో చెమటలు కక్కుతూ నిలబడి ఉంది. ఎదురుగా పచ్చటి చిత్తడి బీడు. దానికి అవతల ఫెరియ వాళ్ళ డాళ్ళు తళతళలాడుతున్నాయి. ఆ బీడు మాదంటే మాదని రెండు పట్టణాలూ తాతల నాటి నుంచి కొట్టుకు చస్తున్నాయి.

“ఏం గడ్డి పెద్దాయనా అది!” అన్నాడు సేనాపతి గోర్గోస్. “అది మేస్తే మన మేకలు ఎద్దులైపోవూ! ఇవాళ తాడో పేడో తేల్చేస్తాం. నువ్వు మాత్రం ఓ మంచి మాట చెప్పు.”

“చెప్పేది నేను కాదు బాబూ, కార్జం.”

పోరుకు ముందు ఆర్తెమిస్ దేవికి ఆడమేకను బలి ఇచ్చి, దాని కార్జంలో శకునం చూడాలి. అది బాగుంటేనే సేన అడుగు ముందుకు పడుతుంది. ముప్పై ఏళ్ళుగా ఆ శకునం చూసేది యూఫ్రోనే. ఉన్నది ఉన్నట్టు చెబుతాడని అతనికి పేరు.

కానీ ఇవాళ అతని చూపు మాటిమాటికీ అవతలి డాళ్ళ వైపే పోతోంది. మధ్యలో రెండూళ్ళూ కొన్నాళ్ళు సఖ్యంగా ఉన్న రోజుల్లో కూతురు క్లీతోను ఫెరియ కుర్రాడికిచ్చి చేశాడు. ఆ అల్లుడు నికోన్ ఇప్పుడు అవతల మొదటి వరుసలో ఉన్నాడు. క్లీతోకేమో నెలలు నిండాయి.

“అల్లుడు కనబడుతున్నాడా?” గోర్గోస్ కన్నుగీటాడు. “పోయినసారీ అపశకునమే, అంతకు ముందుసారీ అపశకునమే. అల్లుడి మీద ప్రేమతో మమ్మల్ని ఉత్తచేతులతో ఇంటికి పంపుతున్నావని ఊరంతా చెవులు కొరుక్కుంటోంది.”

“ఒట్టు బాబూ! చూసిందే చెప్పాను.”

“ఏమో మరి! అందుకే ఈసారి మేకను నేనే ఎంచాను. దేవతకు ఊళ్ళోకెల్లా బలిసిన మేకనే ఇవ్వాలి కదా. గడప గడపా తిరిగాను.”

“ఎవరింట్లో దొరికింది?”

“ఇంకెవరింట్లో? మీ ఇంట్లోనే! మీ ఆవిడ మిర్తోలా మేకల్ని మేపేవాళ్ళు ఈ చుట్టుపక్కల ఉన్నారా? అడిగితే ఏడుస్తుందనుకున్నా. ‘ఇంకో రెండు కూడా తీసుకెళ్ళు నాయనా, దేవత పనికి ఉండనీ’ అంది. మహా ఇల్లాలు!”

యూఫ్రోన్ కత్తి అందుకున్నాడు. ‘తల్లీ, బాగుంటే బాగుందనే చెబుతాను. అబద్ధమాడలేను. నా బిడ్డ పసుపు కుంకుమలు నీ చేతిలో పెడుతున్నాను’ అని మనసులోనే మొక్కుకున్నాడు.

మేకను కోశాడు. కార్జం పైకి తీసి చూశాడు. అది చెక్కలా గట్టిపడి ఉంది. నిండా తెల్లటి మచ్చలు. అంచున ఉండాల్సిన మొన ముడుచుకుపోయి ఉంది.

“ఏదీ, ఇలా చూపించు!” గోర్గోస్ వంగి చూసి ముక్కు మూసుకున్నాడు. “రెండోదాన్ని కొయ్యి!”

రెండోదీ అంతే. మూడోదైతే మరీ ఘోరం.

గోర్గోస్ మొహం పాలిపోయింది. “నా కళ్ళతో నేనే చూశాను. ఇక నిన్నేమన్నా అంటే నాకు కళ్ళు పోతాయి పెద్దాయనా” అన్నాడు.

అంతలో ఫెరియ దూత శాంతికి గుర్తుగా ఆలివ్ కొమ్మ పట్టుకుని, బురదలో పడుతూ లేస్తూ వచ్చాడు.

“మా సేనాపతి దయదలిచి ఇవాళ్టికి మిమ్మల్ని వదిలేస్తున్నాడు” అన్నాడు ఛాతీ విరుచుకుని.

“అబ్బో! మీ మేక కార్జం ఎలా ఉందేమిటి?” అని అడిగాడు గోర్గోస్.

దూత మెడ గోక్కున్నాడు. “మీదెలా ఉంది?”

“మూడు కోశాం.”

“మేం నాలుగు.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పకపకా నవ్వారు.

“పోనీ మేకలైనా మంచివి తెచ్చారా?” అన్నాడు గోర్గోస్.

“భలేవాడివే! మా నికోన్ భార్య పెంచినవి. మా ఊళ్ళో అంత బలిసినవి ఇంకెవరి దగ్గరున్నాయి?”

యూఫ్రోన్ మీసం దువ్వుకున్నాడు. పెళ్ళినాడు మిర్తో కూతురికిచ్చిన జంట మేకల సంతతే మరి!

“అన్నట్టు, ఇక్కడ యూఫ్రోన్ అంటే ఎవరు? తెల్లారుజామున మీకు మనవడు పుట్టాడండీ. తల్లీ బిడ్డా క్షేమం.”

అందరికన్నా ముందు కేక పెట్టింది గోర్గోసే. ఎనిమిది వందల మంది డాళ్ళు వాయించారు. ఏమిటో తెలియకపోయినా అవతల ఫెరియ వాళ్ళూ వాయించారు. బీడు ఎవరిదో తేల్చడం వచ్చే ఏటికి వాయిదా పడింది. రెండు సేనలూ పాటలు పాడుకుంటూ ఇళ్ళదారి పట్టాయి.

సాయంత్రం మిర్తో మనవడి పేరు మీద ఇంటి మేకను కోయించింది. నిప్పుల మీద వాము ఆకు చల్లి కాల్చిన కార్జం యూఫ్రోన్ ముందు పెట్టింది. మొదటి ముక్క నోట్లో వేసుకోగానే అతనికి ప్రాణం లేచొచ్చింది. ఇంకా కాల్చని సగం వైపు చూశాడు. ఎర్రగా, మెత్తగా, నునుపుగా, మొన చెక్కుచెదరకుండా ఉంది.

“దేవత లీల చూశావా మిర్తో! మన ఇంట్లోకి కోసినప్పుడు ఏనాడూ కార్జంలో మచ్చన్నది ఉండదు. అదే మందలోది యుద్ధానికి కోస్తే మాత్రం అలా ఉంటుంది. అక్కడ అమ్మాయి మేకలదీ ఇదే వరస. ఎందుకంటావు?”

మిర్తో అతని గిన్నెలో ఇంకాస్త ద్రాక్షసారా వంపింది.

“ఇంట్లో తినేవాటిని నేనూ అమ్మాయీ ఆ చిత్తడిలో మేపం కదండీ!”