ఎవరూ రాలేదు

దారివ్వమని ఆవిడ అడిగినా పంపు ఆపరేటరు కదల్లేదు.

విచారణ హాలు గుమ్మానికి అడ్డంగా అలాగే నిలబడ్డాడు. నీటి శుద్ధి కేంద్రంలో అతనితో పనిచేసేవాళ్లంతా వెనకే ఉన్నారు.

ఆవిడ గోడకి ఒత్తుకుని, పక్కగా జరిగి లోపలికి వెళ్లింది.

మనకెందుకండీ అంటూ భార్య అతని మోచెయ్యి పట్టి లాగింది. ఆమెది అదే కేంద్రంలో, నీళ్లు పరీక్షించే ల్యాబులో ఉద్యోగం.

లోపలికి వెళ్లినావిడ అంబుడ్స్‌మన్. ప్రభుత్వం మీద జనం చేసే ఫిర్యాదులు విని, నిజమేదో తేల్చే అధికారి. ఏ సంగతినైనా పట్టి పట్టి చూస్తుందని పత్రికలవాళ్లు జల్లెడమ్మ అని పేరు పెట్టారు.

పదవిలోకి వచ్చింది మొదలు ఆవిడకి శత్రువులే ఎక్కువ. ఒక ఆసుపత్రికి తాళం వేయించింది. మంత్రిగారిని మామూలు జనంతో పాటు వరుసలో కూర్చోబెట్టింది. తప్పు చేశాడని సొంత మరిదినే ఉద్యోగంలోంచి తీయించింది. ఆ తర్వాత అత్తింటివాళ్లు గుమ్మం తొక్కనివ్వలేదట. పేరు కోసం పాకులాడుతుందని సగం ఊరు అనేది. మనకోసం నిలబడేది ఆవిడొక్కతేనని మిగతా సగం.

ఈసారి మాత్రం ఊరంతా ఒక్క మాట మీదే ఉంది.

తాగే నీళ్లలో ఫ్యాక్టరీ మురుగు కలుస్తోందనీ, పరీక్షల ఫలితాలు మారుస్తున్నారనీ ఎవరో వచ్చి చెప్పారంటూ ఆవిడ కేంద్రాన్ని మూయించింది. తీరా నిపుణులు వచ్చి చూసేసరికి నీళ్లు శుభ్రంగా ఉన్నాయి. ఈలోగా ట్యాంకులు కడిగేశారని ఆవిడ అంది. ఎవరూ నమ్మలేదు.

ఆ కొన్నాళ్లూ ఆపరేటరు తలెత్తుకు తిరగలేకపోయాడు. పక్కింటివాళ్లు పలకరించడం మానేశారు. మీ నాన్న వదిలే నీళ్లు తాగితే చస్తామట కదా అని బళ్లో పిల్లలు అతని కూతుర్ని ఏడిపించారు. ఇక బడికి వెళ్లనని ఆ పిల్ల మొండికేసింది.

అందుకే ఆవిడ పేరు చెబితేనే అతనికి ఒళ్లు మంట.

హాల్లో, ఆవిడ మీద వేసిన విచారణ కమిటీ అధ్యక్షుడు గొంతు పెంచకుండానే మొదలుపెట్టాడు. మీ దగ్గరికి వచ్చి చెప్పిందెవరో చెప్పమన్నాడు.

చెప్పనంది ఆవిడ. పేరు బయటపెట్టనని మాటిచ్చాకే ఆ మనిషి నోరు విప్పారంది. గోదాముల్లో అక్రమాల గురించి చెప్పిన వాచ్‌మన్ ఏమయ్యాడో అందరికీ తెలుసు కదా అంది.

ఆ వాచ్‌మన్ లారీ కింద పడి చనిపోయాడు. ప్రమాదమని తేల్చేశారు.

"సరే మేడమ్," అన్నాడు అధ్యక్షుడు. "లోపలి మనిషైతేనే ఇవన్నీ తెలుస్తాయి. రేపటినుంచి ఒక్కొక్కళ్లనీ పిలిచి పోలీసులు అడుగుతారు. లేదూ, అసలు ఎవరూ రాలేదని మీరు ఒప్పుకుంటే ఇక్కడితో అయిపోతుంది."

ఆవిడ బల్ల మీద చేతివేళ్లు నలుపుకుంటోంది.

ఆపరేటరు ఇక ఉండబట్టలేకపోయాడు. లేచి నిలబడ్డాడు.

"ఉంటే కదండీ చెప్పడానికి," అన్నాడు. "మాలో ఎవరైనా అంత పని చేసుంటే మేమే బతకనిచ్చేవాళ్లం కాదు. నా కూతురు బడికెళ్లడం మానేసింది మేడమ్. మీ పేరు పేపర్లో రావడానికి మా బతుకులే దొరికాయా?"

వెనక బెంచీలవాళ్లు అవునవునన్నారు.

పక్కనున్న భార్య కూడా లేచింది. తనని ఆపడానికే అనుకుని, కూర్చోమని అతను ఆమె భుజం నొక్కాడు. ఆమె కూర్చోలేదు.

ఆవిడ వాళ్లవైపు చూసింది.

"ఎవరూ రాలేదు," అంది గబుక్కున. "ఎవరూ ఏమీ చెప్పలేదు. నేనే కల్పించాను."

హాల్లో కలకలం రేగింది. ఆ మాట మీదే ఉంటారా అని అధ్యక్షుడు రెట్టించి అడిగాడు. ఉంటానంది.

వారం తిరక్కుండా పదవి పోయింది. ఎవరో ఆవిడ ఇంటి గోడ నిండా బూతులు రాశారు. శుద్ధి కేంద్రం మళ్లీ తెరిచారు. పోలీసులు ఎవరినీ పిలవలేదు. ల్యాబులో పెద్ద కెమిస్టుని మాత్రం ఎందుకో చడీచప్పుడు లేకుండా బదిలీ చేసేశారు.

తను నిలదీస్తేనే ఆవిడ నిజం కక్కిందని ఆపరేటరు చాలాకాలం అందరికీ చెప్పుకున్నాడు. ఆ మాట ఎత్తినప్పుడల్లా భార్య ఏదో పనున్నట్టు లోపలికి వెళ్లిపోయేది.

మరుసటి ఏడు ఒక సాయంత్రం, ఆవిడ పోయిందని టీవీలో చెప్పారు. దొంగ ఫిర్యాదు పుట్టించి పదవి పోగొట్టుకున్న అధికారి అన్నారు. అంతే, ఆ వెంటనే ఆటల వార్తలు.

"చూడ్డానికైనా ఎవరూ వెళ్లరేమో," అన్నాడు ఆపరేటరు.

అలికిడికి తిరిగి చూశాడు. భార్య చెప్పులు వేసుకుంటోంది.

"ఎక్కడికి?"

"ఆవిడని చూడ్డానికి."

"ఆ అబద్ధాలకోరునా?"

ఆమె గుమ్మంలో ఆగిపోయింది.

"ఆవిడ దగ్గరికి వెళ్లి చెప్పింది నేనేనండీ," అంది.

అతను టీవీ ఆపేశాడు.

"ఆ రోజు హాల్లో నిజం చెప్పేద్దామనే లేచాను. నన్ను చూసి, నేను నోరు తెరిచేలోపే ఆవిడ అబద్ధం చెప్పేసింది."