విచారణ తేదీ

క్రమశిక్షణ సంఘం గది ముందు ధర్మయ్య ఉదయం నుంచి నిలబడే ఉన్నాడు. లోపలికి పిలిచేసరికి మూడు దాటింది.

కబడ్డీ లీగ్ ఫైనల్ సాయంత్రమే. కూతకు వెళితే వట్టి చేతులతో తిరిగిరాని వంశీధర్ మీదే గద్వాల జట్టు ఆశలన్నీ.

"వంశీధర్‌ను ఇయ్యాల ఆడనియ్యొద్దు సారూ," అని ధర్మయ్య చేతులు జోడించాడు.

సంఘాధ్యక్షుడు మధుసూదన్ ఎదుట ఉన్న ఫిర్యాదు వంక చూడనైనా లేదు. "కూసో పెద్దమనిషీ. జర చాయ్ తాగు."

"రోజా చెయ్యి వట్టి గుంజిండు. మగ్గం కాడనే. నేనే విడిపించిన. జోగులాంబ తల్లి సాక్షి, కండ్లార చూసిన."

గద్వాల చీర అంచు ఒక్కరి చేతిలో సాగే పని కాదు. ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఒకరు విసిరిన నాడెను, దారపు కండె ఉన్న ఆ చెక్కను, మరొకరు అందుకోవాలి. ధర్మయ్య విసిరిన నాడెను అయిదేళ్లుగా అందుకుంటున్నది పక్కింటి రోజాయే. పదకొండు రోజులుగా ఆమె గడప దాటలేదు. సగం నేసిన చీర మగ్గం మీదనే నిలిచిపోయింది. జరిగింది తప్పేనని పెద్దలు ఒక్కమాట అంటే చాలు, మళ్లీ వీధిలోకి వస్తానన్నది.

"మీ లీగ్ కాయిదంల రాసుంది గద సారూ, విచారణ అయ్యేదాంక ఆడొద్దని."

"రాసింది నేనే." మధుసూదన్ నవ్వాడు. "విచారణ మొదలైతే గద ఆపేది? సోమవారం మొదలువెడ్తం."

"ఇయ్యాల ఐతారం."

"గందుకే."

పక్కనున్న సభ్యుడు గొంతు తగ్గించాడు. "పెద్ద లీగోల్లు చూడనీకె వస్తుండ్రు. గెలిస్తె వాని బతుకే మారుతది. నీకు తెల్వదా?"

"మీకన్న ఎక్వ నాకే ఎర్క."

"మరింకేంది? ఇంటి సంగతి ఇంట్ల తెంపుకోక, గిట్ల బజాట్ల వెడ్తె ఎవ్వరి పరువు వోతది?"

ఫిర్యాదు సొరుగులోకి వెళ్లింది. సొరుగు మూసుకుంది.

రోజాకు ఏమని చెప్పాలో తోచక, ఇంటికి బయలుదేరిన ధర్మయ్య మైదానం దగ్గర జనం వెనుక ఆగిపోయాడు. మైకులో వంశీధర్ పేరు మోగింది. వేల గొంతులు ఆ పేరును అందుకున్నాయి.

ఇరవై మూడేళ్ల క్రితం ఆ పేరును బియ్యంలో వేలితో రాసి, ఒడిలోని కొడుకు చెవిలో మొట్టమొదట పలికినవాడు ధర్మయ్యే.