ఒక మనిషికి ఒకే సీసా

కంప్యూటర్ తెర మీద ఎర్ర గీత చూసి కోఆర్డినేటర్ కుర్చీలోంచి లేచినంత పనిచేసింది.

“దొరికాడక్కా” అంది, పక్కన సిరంజిలు సర్దుతున్న నర్సుతో.

అరవై దాటినవాళ్ళకి ఉచితంగా ఇన్సులిన్ ఇచ్చే రెండు సేవాసంస్థలు ఆ వారమే చేతులు కలిపాయి. రెండు లిస్టులూ ఒకటి చెయ్యడం ఆమె మొదటి ఉద్యోగంలో మొదటి పని. ఒకే వేలిముద్ర రెండుచోట్లా ఉంటే గీత ఎర్రబడుతుంది.

నాలుగొందల మందిలో ఒక్కడే అలా తేలాడు.

మధ్యాహ్నానికల్లా సెంటర్లో ఆయనకి పేరు పడిపోయింది. డబుల్ తాత.

మర్నాడు తాత రెండు సంస్థల కార్డులూ కిటికీలో పెట్టాడు.

“నెలకి రెండు సీసాలేం చేస్తున్నావ్ తాతా? పులుసులో పోసుకుంటున్నావా?” అంది కోఆర్డినేటర్.

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

“అది కాదమ్మా, నా మాట...”

“పోనీ అమ్ముకుంటున్నావా?”

తాత కిటికీకి దగ్గరగా వంగాడు. “ఒక్క నిమిషం వినమ్మా” అన్నాడు.

“వెనక ఎంతమందున్నారో చూడు. తర్వాత వింటాలే. ఏ కార్డు ఉంచమంటావ్?”

“ఏదైనా ఒకటేగా.”

ఒక్క సీసా తీసుకుని నెమ్మదిగా వెళ్ళిపోయాడు. తప్పు చేసినవాళ్ళే ఇలా గొడవపడకుండా పోతారనుకుంది ఆమె.

సాయంత్రం సంస్థ పెద్దలు ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నారు. అయినా ‘తర్వాత వింటాలే’ అన్న తన మాట నెలంతా గుర్తొస్తూనే ఉంది.

తర్వాతి నెల తాత రాలేదు. మూడు రోజులు చూశారు.

“అలిగాడేమో అక్కా” అంది.

నర్సు నవ్వలేదు. “ఇన్సులిన్ లేకపోతే అలగడానికి కూడా ఓపికుండదు. పద.”

కార్డు మీది చిరునామా పట్టుకుని వెళ్తే, మూడో అంతస్తులో తాత గదికి తాళం వేసుంది. ఎదురుగదిలో ఒకావిడ అట్టపెట్టెలకి జిగురు రాస్తోంది.

“తాత పోయి వారమైందండీ. షుగర్ ఎక్కడికో వెళ్ళిపోయిందన్నారు ఆసుపత్రిలో.”

“మందు వేసుకోలేదా?” అంది నర్సు.

“ఎప్పుడడిగినా వేసుకున్నాననేవాడు.”

కోఆర్డినేటర్ ఆవిడ వైపు తిరిగింది. “మీరాయనకి ఏమవుతారండీ?”

“ఏమీ కామండీ. ఎదురెదురు గదులు, అంతే.”

ఆవిడ వెనకనుంచి ఎనిమిదేళ్ళ పాప వచ్చింది. నర్సు తెల్లకోటు చూసి లోపలికి పరుగెత్తి, సెంటర్ ముద్ర ఉన్న సీసా పట్టుకొచ్చింది. అడుగున కాస్తే మిగిలింది.

పాప భుజం దాకా గౌను చెయ్యి పైకి లాక్కుని అడిగింది:

“ఇంక మీరు పొడుస్తారా ఆంటీ? అమ్మ పొడిస్తే నొప్పేస్తోంది. తాతయితే నొప్పి తెలియకుండా పొడిచేవాడు.”